అక్టోబర్ చివర్లో నీస్ వెళ్లొచ్చా? సీజన్ అయిపోయాక అక్కడేముంటుంది?

మీ ప్రశ్న సారాంశం ఇదీ: మీ దంపతులిద్దరూ అమ్మానాన్నల్ని, ఏడేళ్ల పాపని తీసుకుని అక్టోబర్ రెండో సగంలో ఫ్రాన్స్‌లోని నీస్ వెళ్దామనుకుంటున్నారు. విమానం టికెట్లు, హోటళ్లు వేసవి కన్నా బాగా తక్కువకి దొరుకుతున్నాయి. తెలిసినవాళ్లేమో "సీజన్ అయిపోయాక సముద్రం ఊరికెళ్లి ఏం చేస్తారు, అన్నీ మూసేస్తారు, పైగా వానలు" అని భయపెట్టారు. అమ్మగారు శాకాహారి. వారం చాలా, ఎక్కడ ఉండాలి, దగ్గర్లోని కాన్, మొనాకోల్లో కూడా ఒక్కో రాత్రి గది తీసుకోవాలా అని అడిగారు.

వెళ్లండి. నేను ఆ పక్కనే ఆంటిబ్‌లో ఉంటూ సోఫియా ఆంటిపోలిస్ అనే టెక్నాలజీ పార్కులో ఉద్యోగం చేస్తున్నాను. మా చుట్టాలు ఎవరు అడిగినా నేను చెప్పే నెల అక్టోబరే. కాకపోతే ఒక షరతు. జులై నెలనే కాస్త తక్కువ ధరకి కొనుక్కుంటున్నాం అనుకుని వస్తే మాత్రం మీకు నచ్చదు. అక్టోబర్ నీస్ వేరే ఊరు. నా దృష్టిలో అసలు ఊరు అదే.

ఎందుకంటే నీస్‌కి సీజన్ అంటే మొదట్నుంచీ వేసవి కాదు. 18వ శతాబ్దం మధ్య నుంచి ఇంగ్లండ్‌లోని డబ్బున్నవాళ్లు, తర్వాత రష్యా ప్రభువులు చలి తప్పించుకోవడానికి ఇక్కడికి వచ్చేవాళ్లు. ఎండలు తగ్గాక దిగేవాళ్లు, వసంతం ముగిసేసరికి పెట్టెలు సర్దుకునేవాళ్లు. ఇప్పుడు అందరూ ఫొటోలు దిగే ప్రొమెనాద్ దేజాంగ్లే కూడా ఆ చలికాలపు ఇంగ్లీషువాళ్లు 1820ల్లో చందాలేసుకుని, నడకకోసం వేయించిన బాటే. విక్టోరియా రాణి 1890ల చివర్లో వచ్చి విడిది చేసింది సముద్రం ఒడ్డున కాదు, పైన సిమియే కొండ మీద. ఒడ్డున పడుకుని ఒళ్లు కాల్చుకోవడం అనే అలవాటు 1920ల్లో మొదలైంది. 2021లో యునెస్కో ఈ ఊరికి ప్రపంచ వారసత్వ హోదా ఇచ్చినప్పుడు కూడా చలికాలపు విడిది పట్టణంగానే ఇచ్చింది. తోటలు, కొండ మీద భవనాలు, దక్షిణానికి తిరిగిన బాల్కనీలు, మైళ్ల పొడవు నడక బాట, ఇవన్నీ లేత ఎండలో తీరిగ్గా తిరిగే మనుషుల కోసం కట్టినవి. ఆగస్టులో మధ్యాహ్నం రెండింటికి ఆ బాట మీద నడిచి చూడండి, నేనేమంటున్నానో తెలుస్తుంది. అమ్మానాన్నలతో వెళ్తున్నారు కాబట్టి మరీ చెబుతున్నా.

ఇక సముద్రం. అక్టోబర్‌లో పగటి ఉష్ణోగ్రత 20, 21 డిగ్రీలు, రాత్రి 13, 14. మే నెలలో కూడా గాలి దాదాపు ఇంతే వేడిగా ఉంటుంది. కానీ నీళ్లు అలా కాదు. సముద్రం మెల్లగా వేడెక్కి మెల్లగా చల్లారుతుంది కాబట్టి మేలో 17, 18 ఉండే నీళ్లు అక్టోబర్ మొదట్లో 21 పైన, నెలాఖరుకి 19, 20 దగ్గర ఉంటాయి. ఇక్కడివాళ్లు హాయిగా ఈదుతారు. మన సంగతి వేరు. మన కోస్తాలో సముద్రం దాదాపు ఏడాదంతా 25 డిగ్రీల పైనే ఉంటుంది, అందుకని 20 డిగ్రీల నీళ్లలోకి దిగితే మొదటి నిమిషం ఊపిరి బిగుస్తుంది. పన్నెండింటికీ మూడింటికీ మధ్య, గాలి లేని రోజు చూసుకుని దిగితే పెద్దవాళ్లకి పర్వాలేదు. పాపకి పది నిమిషాలు చాలు.

కానీ నీస్ బీచ్‌లోనే దింపకండి. చలి వల్ల కాదు. అక్కడ ఇసుక ఉండదు, గుండ్రాళ్లు. పైగా ఒడ్డు నుంచి నాలుగడుగులు వేయగానే లోతు. అల వచ్చి ఒడ్డు మీదే విరుగుతుంది, వెనక్కి వెళ్తూ కాళ్ల కింద రాళ్లని లాగేస్తుంది. ఈత తెలిసినవాళ్లే బయటికి రావడానికి తడబడతారు. వేసవిలో కాపలా ఉండే లైఫ్‌గార్డులు సాధారణంగా సెప్టెంబర్‌తో వెళ్లిపోతారు. ఇసుక కావాలంటే రైల్లో ఆంటిబ్ రండి, పాత ఊరి గోడ పక్కనే చిన్న గ్రావెట్ బీచ్ ఉంది, అలలు పెద్దగా రావు. లేదా విల్‌ఫ్రాంష్, నీస్ నుంచి రైల్లో పది నిమిషాలు కూడా పట్టదు. మూడువైపులా కొండలున్న లోతైన అఖాతం, నీళ్లు చాలా రోజులు నిశ్చలంగా ఉంటాయి. నీస్ ఒడ్డున గుండ్రాళ్లు ఏరుకోనివ్వండి, అది పిల్లలకి ఎంతసేపైనా విసుగు రాదు. ఇంటికి మాత్రం తేవద్దని చెప్పండి, బీచ్ రాళ్లు పట్టుకెళ్లడం అక్కడ నిషేధం.

ఇప్పుడు వానల గురించి. మీవాళ్లు చెప్పినదాంట్లో నిజం ఉన్నది ఇక్కడే, కాబట్టి కొంచెం వివరంగా చెప్తాను.

నీస్‌లో ఏడాది మొత్తానికి కురిసే వాన లండన్ కన్నా ఎక్కువ. నమ్మబుద్ధి కాదు కానీ నిజం. తేడా ఏమిటంటే లండన్‌లో ఏడాదంతా జల్లు పడుతూనే ఉంటుంది, నీస్‌లో కొద్ది రోజుల్లోనే కుమ్మరించి పోతుంది. జులై మొత్తానికి సగటున 20 మిల్లీమీటర్లు కూడా పడదు. అక్టోబర్‌లో 120 మిల్లీమీటర్లు దాటుతుంది. అయినా వాన పడే రోజులు నెలకి సగటున ఏడే. అంటే మీ వారం రోజుల్లో ఒకటో రెండో తడి రోజులు, మిగతావి కడిగినట్టుండే నీలాకాశం, ఇదీ మామూలుగా జరిగేది. వాన వెలిసిన మర్నాడు మాత్రం వేసవిలో ఎప్పుడూ కనిపించని వెలుతురు. ఆవిరి పొర తొలగిపోయి వెనక ఆల్ప్స్ దగ్గరికి జరిగినట్టుంటాయి. చిత్రకారుడు మతీస్ 1917 చివర్లో ఇక్కడికి వచ్చినప్పుడు రోజుల తరబడి వానేనట, విసిగి వెళ్లిపోదామనుకున్నాడట. ఆకాశం తెరిపిచ్చాక ఆ వెలుతురు చూసి ఆగిపోయాడు. 1954లో చనిపోయేదాకా ఆయన జీవితం చాలావరకు నీస్ చుట్టుపక్కలే గడిచింది.

ఆ కొద్ది రోజుల వాన మాత్రం ఒక్కోసారి తమాషా కాదు. వేసవంతా కాగిన సముద్రం మీద గాలి తేమతో బరువెక్కి దక్షిణం నుంచి వస్తుంది. తీరానికి యాభై కిలోమీటర్లు దాటకుండానే మూడు వేల మీటర్ల కొండలు అడ్డం. పైన చల్లటి గాలి కూడా తోడైతే మేఘం అక్కడే నిలబడి గంటల్లో నెల వాన కురిపించేస్తుంది. 2015 అక్టోబర్ 3 రాత్రి కాన్, మాండెల్యూ ప్రాంతంలో వచ్చిన వరదలో ఇరవై మంది పోయారు. వాళ్లలో కొందరు సెల్లార్ పార్కింగ్‌లో కారు బయటికి తీసుకొద్దామని దిగినవాళ్లు. 2020 అక్టోబర్ 2న అలెక్స్ తుఫాను నీస్ వెనకున్న వెసూబీ, రోయా లోయల్లో రోడ్లని, ఇళ్లని ఊడ్చేసింది. భయపెట్టడానికి చెప్పడం లేదు. ఫ్రాన్స్ వాతావరణ శాఖ మెతేయో ఫ్రాన్స్ ప్రతి జిల్లాకి రంగుతో హెచ్చరిక ఇస్తుంది: ఆకుపచ్చ, పసుపు, నారింజ, ఎరుపు. మీరు చూడాల్సిన జిల్లా పేరు ఆల్ప్ మరితీమ్, నంబర్ 06. పసుపు అక్టోబర్‌లో మామూలే, వాన కోటు వేసుకుని తిరగండి. నారింజ వచ్చిందంటే ఆ రోజు కొండలవైపు, వాగుల వెంట వెళ్లొద్దు. పార్కులు, కోట కొండ, బీచ్ మూసేసే అవకాశం ఉంది. ఎరుపైతే గదిలోనే ఉండండి. ఇక తూర్పుగాలి వేసినప్పుడు అలలు గుండ్రాళ్లని ఎత్తి ప్రొమెనాద్ మీదకే విసురుతాయి. పోలీసులు తాడు కడతారు. తాడు దాటి వీడియో తీసేవాళ్లు ప్రతిసారీ ఉంటారు. నాన్నగారిని వాళ్ల జోలికి వెళ్లనివ్వకండి.

అందుకే నా సలహా: ఏ రోజు ఎక్కడికి అన్నది ఇంటి దగ్గర కూర్చుని రాసుకోవద్దు. తేదీ వేసి ముందే డబ్బు కట్టే టూర్లు వీలైనంత తగ్గించండి. ఒక్క హోటల్లో దిగి, రెండ్రోజుల ముందు వాతావరణం చూసి నిర్ణయించుకోండి. దీనికి నీస్ అంత అనువైన ఊరు ఇంకోటి లేదు, ఎందుకంటే తీరం వెంట నడిచే లోకల్ రైళ్లకి రిజర్వేషన్ అక్కర్లేదు. స్టేషన్‌కి వెళ్లి టికెట్ కొని ఎక్కడమే. మొనాకో ఇరవై నిమిషాల పైచిలుకు, మాంతోన్ నలభై లోపు, ఆంటిబ్ అరగంట లోపు, కాన్ అరగంటో నలభై నిమిషాలో. కాన్, మొనాకోల్లో రాత్రి గది తీసుకోవాలా అన్న ప్రశ్నకి జవాబు కూడా ఇదే, అక్కర్లేదు. పెట్టెలు మోసుకుంటూ పెద్దవాళ్లని తిప్పడం శుద్ధ దండగ. పైగా అక్టోబర్ మధ్యలో కాన్‌లో మిప్‌కామ్ అనే టీవీ వ్యాపార సంత జరుగుతుంది, ఆ వారం అక్కడ గదుల ధరలు చూస్తే ఆఫ్ సీజన్ అన్న మాటే మర్చిపోతారు. రైళ్ల విషయంలో ఒక్కటే జాగ్రత్త. సమ్మెలు ఇక్కడ అరుదేమీ కాదు, ముందురోజు సాయంత్రం రైల్వే యాప్‌లో ఒకసారి చూసుకోండి.

వానరోజుకి ఏం మిగల్చాలి? సిమియేలో మతీస్ మ్యూజియం, దాని దారిలోనే ఇంకో చిత్రకారుడు షగాల్ మ్యూజియం. రెండూ మంగళవారం సెలవు. పాపకి అవి విసుగనిపిస్తే మొనాకోలో సముద్ర జీవుల మ్యూజియం ఉంది, 1910లో తెరిచిన పెద్ద భవనం, కింద అక్వేరియం, ఏడాదంతా ఉంటుంది. నీస్‌లోని ఆధునిక కళల మ్యూజియం మామాక్‌ని పెద్ద మరమ్మతుల కోసం 2024లో మూసేశారు, పాత గైడు పుస్తకాలు చూసి అక్కడికి వెళ్లకండి. 1912 నాటి రష్యన్ చర్చి వానలోనూ బాగుంటుంది, ఉల్లిపాయ గుమ్మటాలు చూసి పాప తప్పకుండా ఏదో ఒకటి అంటుంది.

ఎండరోజున ఎజ్‌కి వెళ్లండి. సముద్రానికి నాలుగు వందల మీటర్ల పైన కొండకొమ్ముకి అతుక్కున్న పాత ఊరు. కింద ఎజ్ స్టేషన్ నుంచి పైకి ఒక కాలిబాట ఉంది, 1880ల్లో చలికాలాలు నీస్‌లో గడిపిన జర్మన్ తత్వవేత్త నీషే (Nietzsche) పేరు పెట్టారు దానికి. గంటకి పైన నిటారు ఎక్కుడు. వేసవిలో అది శిక్ష, అక్టోబర్‌లో ఆనందం. మీరిద్దరికీ ఓపికుంటే ఒక పొద్దున ఆ దారిన ఎక్కండి, అమ్మానాన్నల్ని, పాపని నీస్ నుంచి బస్సులో పైకి రమ్మనండి. వాన పడ్డ మర్నాడు మాత్రం వద్దు, సున్నపురాళ్లు జారతాయి. పైన కూడా మెట్లే మెట్లు, మోకాళ్ల నొప్పులుంటే ఊరి మొదట్లోనే ఆగి చూడటం మంచిది. నీస్‌లో కోట కొండకి మాత్రం ఉచితంగా లిఫ్ట్ ఉంది. పైన కోట లేదు, ఎప్పుడో కూల్చేశారు. అక్కణ్నుంచి కనిపించే తీరం కోసమే ఎక్కడం. పన్నెండింటికి ఫిరంగి పేలుతుంది, ముందే చెప్పి ఉంచండి, లేకపోతే ఉలిక్కిపడతారు.

"అన్నీ మూసేస్తారు" అన్నది అక్టోబర్‌కి వర్తించదు. మూడున్నర లక్షల జనాభా ఉన్న ఊరు, పర్యాటకులు వెళ్లిపోయినా నడుస్తూనే ఉంటుంది. మూతపడేవి సముద్రానికి సంబంధించినవి. నీస్ రేవు నుంచి బయల్దేరే విహార పడవలు తగ్గిపోతాయి, ప్రైవేటు బీచ్‌లు కొన్ని కుర్చీలు ఎత్తేస్తాయి. దీవులు చూడాలంటే కాన్ వెళ్లి ఎక్కండి, అక్కణ్నుంచి సెయింట్ మార్గరీత్‌కి ఏడాదంతా పడవలున్నాయి. మొనాకో రాజభవనం లోపలి గదులు మామూలుగా అక్టోబర్ మధ్య తర్వాత చూడనివ్వరు, బయట కాపలా మార్పిడి మాత్రం 11:55కి రోజూ ఉంటుంది. నిజంగా ఊరు మగతగా ఉండేది నవంబర్ రెండో వారం నుంచి, క్రిస్మస్ సంత తెరిచేదాకా. హోటళ్లవాళ్లు, రెస్టరెంట్లవాళ్లు తమ వార్షిక సెలవు అప్పుడే తీసుకుంటారు. ఇంకో సంగతి, అక్టోబర్ చివరి రెండు వారాల ప్రాంతంలో ఫ్రాన్స్ బడులకి తుసాఁ సెలవులు. నవంబర్ 1 ప్రభుత్వ సెలవు. అప్పుడు రైళ్లు, మ్యూజియంలు మళ్లీ కొంచెం నిండుతాయి, గదుల ధర కూడా కొంచెం ఎక్కుతుంది. దసరా సెప్టెంబర్ చివర్లో వచ్చే ఏడాదికీ, అక్టోబర్ చివర్లో వచ్చే ఏడాదికీ ఇక్కడ చాలా తేడా. మొదటిదైతే సముద్రం, రెండోదైతే నడక.

ఉండటానికి ఊరి నడిబొడ్డు కూడలి ప్లాస్ మసేనాకి, ట్రామ్ లైన్‌కి దగ్గరగా ఏదైనా చూసుకోండి. పాత ఊరు చూడటానికి అందం, ఉండటానికి ఇరుకు. ఇళ్లకి లిఫ్టులుండవు, నాలుగో అంతస్తుకి రాతి మెట్లెక్కాలి, పెట్టెలతో. రాత్రి పొద్దుపోయేదాకా బార్ల గోల. విమానాశ్రయం నుంచి ట్రామ్ 2వ లైన్ నేరుగా ఊళ్లోకి వస్తుంది, ట్యాక్సీ అవసరం పడదు. అపార్ట్‌మెంట్ తీసుకుంటే ఒక ప్రశ్న తప్పకుండా అడగండి: హీటింగ్ ఎప్పటినుంచి వేస్తారని. చాలా భవనాల్లో అది అందరికీ కలిపి ఒకటే ఉంటుంది, అక్టోబర్ మధ్యలోనో ఇంకా ఆలస్యంగానో మొదలుపెడతారు. బయట 14 డిగ్రీలున్న రాత్రి పాలరాతి నేల మీద నాన్నగారికి అది పెద్ద విషయమే. హోటల్లో మనిషికి, రాత్రికి కొంత చొప్పున పర్యాటక పన్ను విడిగా కట్టించుకుంటారు, గది ధరలో లేదని గొడవపడొద్దు.

బట్టలు: పల్చటివి మూడు పొరలు, ఒక వాన కోటు, రాళ్ల మీద జారని బూట్లు. గొడుగు ఇక్కడి గాలికి తిరగబడుతుంది.

అమ్మగారి భోజనం గురించి దిగులు వద్దు, ఇది ఫ్రాన్స్‌లో శాకాహారులకి కాస్త దయ ఉన్న మూల. సొక్కా అడగండి. శనగపిండి, నీళ్లు, ఆలివ్ నూనె, అంతే. పెద్ద పళ్లెంలో పల్చగా పోసి కట్టెల పొయ్యిలో కాలుస్తారు, మిరియాల పొడి చల్లి ఇస్తారు. మన శనగపిండి అట్టుకి మాడు వాసన తోడైనట్టుంటుంది. వేడిగా ఉండగానే తినాలి, చల్లారితే అట్టముక్క. పానిస్ కూడా శనగపిండిదే, వేయించినది. గుమ్మడికాయ పువ్వుల బజ్జీలు వేసవివి, అక్టోబర్‌కి దాదాపు అయిపోతాయి. మోసం చేసేది పిసలదియేర్. చూడ్డానికి ఉల్లిపాయల రొట్టె, లోపల ఆంచోవీ చేప. నీసువాజ్ సలాడ్‌లో, పాన్ బన్యా అనే శాండ్‌విచ్‌లో కూడా చేప ఉంటుంది. "సాఁ పొవాసోఁ, సాఁ వియాంద్" అంటే చేప వద్దు, మాంసం వద్దు అని. కాగితం మీద రాసి చూపించినా అర్థం చేసుకుంటారు. రెస్టరెంట్లలో మధ్యాహ్నం రెండు దాటాక, రాత్రి ఏడుకి ముందు వంట దొరకడం కష్టం. పాపకి ఆకలేసే నాలుగు గంటలకి ఏదో ఒకటి సంచీలో ఉండాలి. కూర్ సలేయా సంతలో పళ్లు కొని పెట్టుకోండి. సోమవారం మాత్రం అక్కడ కూరలు, పూలు ఉండవు, పాత సామాన్ల సంత పెడతారు.

వారం చాలు. నలుగురు పెద్దవాళ్లు, ఒక పాప, రోజుకి ఒక్క చోటు అనుకోండి. అంతకంటే పెట్టుకుంటే సాయంత్రానికి ఒకరి మీద ఒకరు విసుక్కుంటారు.

వీసా ఆలస్యం చేయొద్దు. షెంగెన్ వీసాకి ప్రయాణానికి ఆర్నెల్ల ముందు నుంచి దరఖాస్తు చేసుకోవచ్చు, పెద్దవాళ్లకి రుసుము 90 యూరోలు, ఆరు నుంచి పన్నెండేళ్లలోపు పిల్లలకి అందులో సగం. 30 వేల యూరోల వైద్య ఖర్చులకి సరిపడే బీమా తప్పనిసరి. అమ్మానాన్నలకి ముందే ఉన్న జబ్బుల సంగతి ఆ పాలసీలో ఏం రాశారో చదవండి, కాగితం కోసం కొనే చవక పాలసీల్లో బీపీ, షుగర్ వల్ల వచ్చినవి చాలావరకు ఉండవు. హైదరాబాద్ నుంచి నీస్‌కి నేరు విమానం లేదు, దుబాయ్‌లోనో ఫ్రాంక్‌ఫర్ట్‌లోనో మారాలి. ఫ్రాంక్‌ఫర్ట్ అయితే ఇమిగ్రేషన్ అక్కడే అవుతుంది, కొత్త పద్ధతిలో ఫొటో తీసుకుంటారు, వేలిముద్రలు సరిచూస్తారు, కాబట్టి రెండు విమానాల మధ్య మూడు గంటలకి తగ్గకుండా చూసుకోండి.

తేదీలు ఇంకా ఖాయం కాకపోతే అక్టోబర్ ఆఖరి ఆదివారానికి ముందే తిరుగు ప్రయాణం పెట్టుకోండి. ఆ రోజు తెల్లవారుజామున గడియారాలు గంట వెనక్కి జరుగుతాయి. నెల మొదట్లో ఏడు దాటాక అస్తమించే సూర్యుడు, ఆ ఆదివారం నుంచి అయిదున్నర ప్రాంతంలోనే వెళ్లిపోతాడు, సాయంత్రం నడక మొత్తం పోతుంది. మన టైముతో తేడా కూడా మూడున్నర గంటల నుంచి నాలుగున్నరకి మారుతుంది. ఒకవేళ విమానం ఆ ఆదివారమే పడితే, టికెట్ మీద వేసేది కొత్త టైమే. నాన్నగారి చేతి గడియారం సంగతి ముందురాత్రే చూసుకోండి.